పై గదిలోని లారీ కంపెనీ

మా తమ్ముడు పోయాడు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ, మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అట్లాగే వెనక్కి వాలిపోయాడు. నేను కింద వంటింట్లో ఉన్నాను. "తమ్మీ, గంట కొట్టిన్రు, టైమైతుంది" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ ఫిట్స్ వచ్చాయేమోనని తాళాలగుత్తి పట్టుకుని మెట్లెక్కాను. ఫిట్స్ కాదు. గుండె ఆగిందన్నారు దవాఖానలో. ఇన్నేళ్ళు నేను ఒకదానికి కాపలా కాశాను. వచ్చింది ఇంకొకటి.

నా భయం సంగతి మా నాంపల్లి గల్లీలో తెలియనివాళ్ళు లేరు. ప్రసంగం మధ్యలో లేచి, గ్యాస్ కట్టేశానో లేదో చూసి రావడానికి ఇంటికి పరిగెత్తే మనిషిని. మెదక్ దగ్గర మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అంతే. కాబట్టి తమ్ముణ్ణి గురించి పెద్ద మాటలు రాయలేను. చూసింది చూసినట్టు చెప్తాను.

అతను లారీ డ్రైవరు. గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో మీసాలు రాని వయసు నుంచి పని చేశాడు. మొదట క్లీనరు, తర్వాత డ్రైవరు. నాగ్‌పూర్, బెజవాడ, బళ్ళారి ఎక్కడికి లోడు ఉంటే అక్కడికి పోయేవాడు. తిరిగొచ్చేదాకా నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు. రేడియోలో ప్రమాదం అన్న మాట వినబడితే ఏ ఊరు, ఏ బండి అని వినకముందే కళ్ళు తిరిగేవి. వచ్చినవాడు మాత్రం ఏమీ జరగనట్టు నవ్వుతూ వచ్చేవాడు. టైర్లలో గాలి ఉందో లేదో కాలితో తట్టి చూసే అలవాటు కదా, ఇంట్లోకి రాగానే బియ్యం బస్తాను, గ్యాస్ బండను, చివరికి మా అల్మారాను కూడా కాలితో ఒక తన్ను తన్ని చూసేవాడు. "అంత మంచిగనే ఉన్నది అక్కా, ఇగ బువ్వ పెట్టు" అనేవాడు.

బండి గురించి అతను చెప్పే మాట ఒకటుంది. "పోవుడు ఏం గొప్ప కాదక్కా. యాడ ఆగాల్నో అక్కడ ఆగుడు గొప్ప."

అతని పెళ్ళాం పెళ్ళయిన కొద్దికాలానికే జ్వరం వచ్చి పోయింది. పిల్లలు లేరు. మా ఆయన కూడా పోయాక, నేనూ నా బిడ్డా ఉన్న ఇంట్లోనే పై గదిలో వచ్చి ఉన్నాడు. అట్లా ఉండగా ఒకరోజు గోదాము దగ్గర లోడు దింపిస్తూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. నోట్లో నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, రోజూ వేసుకోవాల్సిన గోళీలు రాసి, ఒక మాట చెప్పాడు. ఇక స్టీరింగ్ పట్టుకోకూడదు. ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే బండి ఎటు పోతుందో తెలియదు అన్నాడు.

నేను ఇంటికి రాగానే అతని లైసెన్సు తీసి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. అతనికి తెలుసు. తెలిసీ తీసుకోలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం మెతుకులు కలుపుతూ అడిగేవాడు. "ఏందక్కా, ఇయ్యాల బువ్వ జర గట్టిగున్నది. లైసెన్సు గిట్ల ఉడికిందా?"

నవ్వేవాడే కానీ మనిషి ఎండిపోయాడు. పై గది కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూసేవాడు. ఏ బస్సో ఆటో మీదికి వస్తే, ఇక్కడ కూర్చున్న అతని కుడికాలు నేలను గట్టిగా తొక్కేది. బ్రేకు అన్నమాట. ఆ కాలు చూసి నేను తలుపు వెనక్కి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని.

నా బిడ్డ ఆబిడ్స్‌లో పెళ్ళికార్డులు అచ్చుకు తయారుచేసే దుకాణంలో పని చేసేది. వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతది ఒకటి ఇంట్లో పని చేసుకోవడానికి తెచ్చుకుంది. కోఠిలో ఫుట్‌పాత్ మీద లారీ ఆట సీడీ కనబడితే మామకు పొద్దు పోతుందని కొనుక్కొచ్చి అందులో వేసింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది.

మొదటి రోజు నుంచీ గొడవే. అది ఏ దేశమో, అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. తమ్ముడు ఎడమకు పోయి ఎదురుగా వచ్చే ప్రతి బండికీ గుద్దేవాడు. "వీళ్ళకు బుద్ధి లేదు, అందరు రాంగ్ సైడ్ వస్తున్నరు" అని తిట్టేవాడు. నా బిడ్డ పడీ పడీ నవ్వేది. వారం తిరగకుండానే నేర్చుకున్నాడు. తర్వాత అందులో కంపెనీ పెట్టాడు. కంపెనీకి పేరు రాయమంటే మా అమ్మ పేరు రాశాడు.

ఒకరోజు భోజనం దగ్గర నా బిడ్డతో అంటున్నాడు. "బ్యాంకోళ్ళు అప్పు ఇచ్చిన్రు బిడ్డా. రెండో లారీ కొన్న. డ్రైవర్ను పెట్టిన. గా దిక్కు మంచు పడుతున్నదట, పోయినోడు ఇంకా రాలె."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. చదివేవాళ్ళు నవ్వకండి. నాంపల్లి స్టేషన్‌లో రిజర్వేషన్ కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి కంప్యూటర్‌లో నొక్కితే నిజం టికెట్టు బయటికి వచ్చేది. ఆ టికెట్టు మీద నిజం రైలు ఎక్కి నేను కాజీపేట పోయి వచ్చాను. ఇందులో నొక్కితే అక్కడ ఎక్కడో నిజం లారీ కదలదని నాకెవరు చెప్పారు? ఇల్లు కదలకుండా పరాయి దేశంలో లారీలు నడిపిస్తున్నాడనీ, అందుకు చచ్చిపోయిన మా అమ్మ పేరు మీద అప్పు తెచ్చాడనీ అనుకున్నాను. అడగడానికి కూడా భయమేసింది.

ఆ శుక్రవారం చర్చిలో స్త్రీల మైత్రి కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. "నా తమ్ముని కంపెనీ కొరకు ప్రార్థన చెయ్యున్రి. బ్యాంకు అప్పు మీద పెట్టిండు. వాని డ్రైవర్లు మంచుల ఇరుక్కున్నరు" అన్నాను. పాస్టరు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అంటాం, కళ్ళు మూసుకుని ఆ డ్రైవర్ల కోసం, వాళ్ళ భార్యాబిడ్డల కోసం, లారీ చక్రాలు జారకుండా ఉండడం కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. కొందరు ఏడ్చారు కూడా.

ఆ ఆదివారం మా సంఘంలో ఒకామె నేరుగా మా ఇంటికే వచ్చింది. తమ్ముడి ముందు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అన్నా, మా ఆయనకు పని పోయి ఇంట్ల కూసున్నడు. బండి మంచిగ నడుపుతడు. మీ కంపెనీల పెట్టుకోరాదు?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అతను నవ్వలేదు. ఆమెను పైకి తీసుకుపోయి కంప్యూటర్ చూపించాడు. "చెల్లే, గిదే నా కంపెనీ. జీతం ఇయ్యలేను. బువ్వ మాత్రం మా అక్క పెడ్తది" అన్నాడు. ఆమె ముందు బిత్తరపోయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను టీ పెట్టడానికి కిందికి పారిపోయాను. ఆమె భర్త గురించి తమ్ముడు మర్నాడే గౌలిగూడలో తన పాత కంపెనీ ఓనర్‌కు చెప్పి, ఆయన దగ్గర డ్రైవర్‌గా పెట్టించాడు.

ఆమె వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "ప్రార్థన బంద్ చెయ్యకు అక్కా. యాడోళ్ళయినా డ్రైవర్లు డ్రైవర్లే గద" అన్నాడు.

అప్పటి నుంచి ఆట అని తెలిసి కూడా భయపడుతూ చూసేదాన్ని. అతను కంపెనీ పెంచిన తీరు తొందర లేని తీరు. త్వరగా చేర్చాలనే లోడుకు కిరాయి రెండింతలు వస్తుందట. ముట్టుకునేవాడు కాదు. "తొందర లోడుకు కిరాయి ఎక్కువ, ఆయుష్షు తక్కువ" అనేవాడు. ఏ డ్రైవరైనా బండి దెబ్బ తీసుకుని వస్తే వాణ్ణి తీసెయ్యమని నా బిడ్డ అనేది. అతను ఒప్పుకునేవాడు కాదు. "ఒక్కసారి పడ్డోన్ని తీసేస్తే కంపెనీల ఎవలుంటరు బిడ్డా?" అనేవాడు. అట్లాగే ఒక్కో బండీ పెరిగి, బ్యాంకు అప్పు తీరిపోయి, లాభాల్లో పడింది. ఆ రోజు స్టేషన్ రోడ్డు నుంచి మిఠాయి తెచ్చి గల్లీ అంతా పంచాడు. ఎందుకని అడిగినవాళ్ళకు కంపెనీ అప్పు తీరిందని చెప్పాను.

కంపెనీ పెరిగేకొద్దీ అతనికి ధైర్యం పెరిగింది. నాకు భయం పట్టుకుంది అక్కడే. మనిషి మళ్ళీ డ్రైవర్ నడక నడుస్తున్నాడు. చెయ్యి లుంగీ మీద తుడుచుకోవడం, వెనక్కి చూసుకుంటూ నిలబడడం, అన్నీ తిరిగొచ్చాయి. రెండేళ్ళుగా ఫిట్స్ కూడా రాలేదు.

అప్పుడు వచ్చాడు గౌలిగూడ ఓనరు. మంచివాడే. పండగలకు బట్టలు పెట్టేవాడు, ఆస్పత్రి ఖర్చు కూడా పెట్టుకున్నాడు. టీ తాగుతూ మెల్లగా ఎత్తాడు.

"డ్రైవర్లు దొరుకుతలేరు తమ్మీ. నాగ్‌పూర్‌కు ఒక్క ట్రిప్పు కొట్టిరా. నీకు తెల్వని తొవ్వనా?"

"డాక్టరు వద్దన్నడు అన్నా."

"రెండేండ్ల కింద అన్నడు. మళ్ళ వచ్చిందా?"

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. వద్దని అరవాలని ఉంది. కాసేపటికి అతనే వచ్చి నా ఎదురుగానే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి లైసెన్సు తీశాడు. దానికంటిన బియ్యప్పిండి తుడిచాడు.

"సోమవారం పోత అక్కా."

"తొవ్వల పడిపోతే?"

"పైన గన్ని బండ్లు నడిపిస్తున్న. రోజు నడుపుతున్న. పడ్డనా?"

"గది ఆట తమ్మీ."

"చెయ్యి అదే గద. కన్ను అదే గద. జర నమ్ము అక్కా."

ఏమని నమ్మాలి? ఆ మూడు రోజులు నేను ప్రార్థనకు మోకరిస్తే మాటలు రాలేదు. పోవద్దని అడిగితే అతని ప్రాణం ఎండుతుంది. పోనిమ్మని అడిగితే ప్రాణమే పోతుంది. అతను ఒక్కడే కాదు, ఆ రోడ్డు మీద ఎవరెవరు ఉంటారో. 

శనివారం మధ్యాహ్నం పై గదిలో తలుపు దగ్గర చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నాకు వేరే పని లేక కాదు. సోమవారం దాకా అతణ్ణి కళ్ళముందు ఉంచుకుందామని. అతను లారీ నడుపుతున్నాడు. ఏదో కలప లోడు అని చెప్పాడు. చెప్తూ చెప్తూ మాట మధ్యలో ఆపేశాడు. తల ఒక పక్కకు తిరిగింది. చేతులు కొయ్యబారాయి. ఒక చెయ్యి కీబోర్డు మీదే ఉండగా, కుర్చీతో సహా పక్కకు ఒరిగి పడ్డాడు.

చాట విసిరేసి పరిగెత్తాను. డాక్టర్ చెప్పినట్టు పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మా అమ్మ చెప్పినట్టు ఇనుప తాళాలు గుప్పిట్లో పెట్టాను. అతని తల నా ఒళ్ళో ఉంది, ఒళ్ళంతా కొట్టుకుంటోంది. తల ఎత్తితే ఎదురుగా కంప్యూటర్. కీబోర్డు అతనితో పాటే కిందికి జారి, బండిని ముందుకు నడిపే మీట మంచం కోడుకు నొక్కుకుని ఉంది. లారీ ఆగలేదు. రోడ్డు ఎడమకు తిరిగింది, లారీ తిరగలేదు. సీదా పోయింది. ఎదురుగా వస్తున్న చిన్న కారును పక్కకు నెట్టేసి, రోడ్డు పక్క కమ్మీలు విరగ్గొట్టి, దిబ్బ మీది నుంచి కిందికి పోయి పక్కకు పడింది. పడ్డాక కూడా ఇంజను మోగుతూనే ఉంది.

తెలివి వచ్చిన తమ్ముడు నా ముఖం చూడలేదు. కళ్ళు ఎటో వెతుకుతున్నాయి.

"లారీ ఏది?" అన్నాడు. "లోడు ఏమైంది? రోడ్డు మీద ఎవలన్న ఉండెనా?"

నిజం రోడ్డు మీదే ఉన్నాననుకున్నాడు.  మెల్లగా లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అప్పుడు అతని చూపు కంప్యూటర్ మీద పడింది. చాలాసేపు చూశాడు. లారీ అద్దంలో ఆకాశం ఒక పక్క, గడ్డి ఒక పక్క కనిపిస్తున్నాయి.

"మూల కాడ తిరిగిందా అక్కా?"

"లేదు తమ్మీ. సీదా పోయింది."

"కారు వస్తుండెనే."

నేను అతని మూతి మీది నురగ కొంగుతో తుడిచాను. అతను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కింది నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

సోమవారం పొద్దున ఇద్దరం ఆటోలో గౌలిగూడ పోయాం. ఓనరు బండి కడిగించి సిద్ధంగా పెట్టాడు. తమ్ముడు దాని చుట్టూ ఒకసారి తిరిగి టైర్లన్నీ కాలితో తట్టి చూశాడు. ఎక్కుతాడేమోనని చూస్తున్నాను. అతను వెనక్కి వచ్చి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"నాతోని కాదన్నా."

"ఏంది, భయమైతుందా?"

"ఔ అన్నా. భయమైతుంది" అన్నాడు. నేను ఆ మాట అతని నోట మొదటిసారి విన్నాను. అంతలోనే నా వైపు చూసి నవ్వాడు. "అక్కది నాకు అంటుకున్నది. అయినా నా కంపెనీ నాకు లేదా? ఓనర్లం, మనం బండి నడుపుతమా?"

ఓనరు ఏమనుకున్నాడో గాని గట్టిగా నవ్వి, ఇద్దరికీ టీ తెప్పించాడు. ఆ టీ నేను సగం చీర మీద పోసుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి నన్ను క్లీనర్‌ను చేశాడు. అతని కుర్చీ పక్కన నాకు ముక్కాలిపీట. కీబోర్డులో అన్నిటికంటే పొడుగ్గా ఉండే మీట చూపించి ఇదే బ్రేకు అన్నాడు.

"నేను పడిపోతే ఫస్టు నన్ను పట్టుకోకు. గిది నొక్కు. బండి ఆగినంక నన్ను చూడు."

"నువ్వు కింద కొట్టుకుంటుంటే నేను బండి ఆపాల్నా? ఆట కద తమ్మీ."

"ఆటల గూడ రోడ్డు మీద ఎవలో ఒకలు ఉంటరక్కా."

అట్లా నా భయానికి ఒక ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం పనులయ్యాక పీట మీద కూర్చునేదాన్ని. ఒక కన్ను అతని చేతుల మీద, ఒక కన్ను రోడ్డు మీద. "కుక్క వస్తుంది తమ్మీ" అంటే, "ఆ దేశంల కుక్కలు రోడ్డు మీదికి రావు అక్కా" అనేవాడు. అయినా మీట మీది వేలు కొంచెం వెనక్కి తీసేవాడు. "నీ క్లీనర్ ఉన్నంక కంపెనీకి ఇన్సూరెన్స్ ఎందుకు మామా?" అని నా బిడ్డ ఎగతాళి చేసేది.

రెండేళ్ళ తర్వాత ఒకసారి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. అతని మెడ తిరగడం చూశాను. ఒళ్ళంతా అతని వైపే లాగింది. చెయ్యి మాత్రం మీట మీదికి పోయింది. లారీ రోడ్డు పక్కన ఆగింది. అప్పుడు అతణ్ణి పట్టుకున్నాను. తెలివి వచ్చాక మొదట కంప్యూటర్ వైపే చూశాడు. ఆగి ఉన్న లారీని, దాని పక్క నుంచి పోతున్న కార్లను చూశాడు. "శాభాష్ క్లీనర్" అన్నాడు. నా జీవితంలో నన్ను ఒక పనికి మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఆ మాట నాకు మిగిలిపోయింది.

అతను పోయిన రోజు సాయంత్రం గౌలిగూడ ఓనరు వచ్చాడు. ముసలివాడైపోయాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, సమాధుల తోట దాకా నా బండిల తీస్కపోత. వద్దనకు" అన్నాడు. ఏ బండి ఎక్కనియ్యకుండా ఇన్నేళ్ళు పట్టుకుని ఉన్నానో ఆ బండే వచ్చి గల్లీ చివర నిలబడింది.  వద్దనడానికి నోరు తెరిచి, సరే అన్నాను.

తమ్ముడి పెట్టెను వెనక ఎక్కించారు. నా మోకాళ్ళు సహకరించవు కాబట్టి నన్ను ముందర డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. కింద కుర్చీ వేసి, ఇద్దరు ఆడవాళ్ళు నెడితే ఎక్కాను. అరవై దాటాక మొదటిసారి లారీ క్యాబిన్‌లో కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి మనుషులు ఎంత చిన్నగా కనిపిస్తారో అప్పటిదాకా నాకు తెలియదు. ఆటోల పైకప్పులు, మోటారుసైకిళ్ళ మీద ఆడపిల్లల జడలు, పరిగెత్తుతూ రోడ్డు దాటే పిల్లలు. అందరూ మన చక్రాల పక్కనే ఉన్నారు. నేను ముందున్న ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాను.

"భయమైతుందా అమ్మా?" అన్నాడు డ్రైవరు. మా ఇంటికి పని అడగడానికి వచ్చిన ఆమె భర్తే అతను.

"ఔ బిడ్డా. జర మెల్లగ పో."

"మొదటి గేరుల్నే ఉన్న అమ్మా."

మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల తోపుడుబండ్లు రోడ్డులోకి వచ్చి ఉన్నాయి. పెట్టెను చూసి వాళ్ళంతట వాళ్ళే వెనక్కి లాగారు. ఆ తొందరలో ఒక బండి మీది నుంచి దానిమ్మకాయ జారి దొర్లుకుంటూ మా లారీ ముందుకు వచ్చింది. డ్రైవరు బండి ఆపాడు. పండ్లతను రోడ్డు మధ్యకు వచ్చి వంగాడు. కాయ తీసుకుని లేచి, మాకు సలాం చేసి, అక్కడే నిలబడిపోయాడు. వెనక ఏవో హారన్లు మోగాయి. అతను పక్కకు జరిగేదాకా మా బండి కదలలేదు.